తాగొచ్చని నేను చెప్పిన నీళ్లు

ఇంత బరువు మోస్తూ బతుకుతున్నానని నా ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. మీకు చెబుతున్నాను. క్షమించమని కాదు.

ఎనభైల మొదట్లో వరంగల్‌లో నీళ్లు పరీక్షించే ఉద్యోగం నాది. ఆ ఎండాకాలం బావులు అడుగంటాయి. ఊరి చివర ఒక కాలనీలో, ఇళ్లలో వాడి వదిలిన నీటిని ఇసుకలో వడకట్టి, బ్లీచింగ్ కలిపి, మళ్లీ తాగునీటి ట్యాంకుకు ఎక్కించే ఏర్పాటు చేశాం. ఆలోచన నాదే. దాని మీద నాకు గర్వం కూడా. పరీక్షకు ఆ నీటిని గాజు గొట్టాల్లో పోసి రెండు రోజులు వెచ్చటి పెట్టెలో ఉంచాలి. బుడగలు పుడితే మురుగు ఇంకా పోలేదని అర్థం. మధ్యలో కరెంటు పోయి పెట్టె చల్లబడింది. పరీక్ష చెడింది. బయట జనం బిందెలతో నిలబడి ఉన్నారు. నీళ్లు తేటగా కనిపించాయి. తాగొచ్చు అన్నాను. నన్నెవరూ బలవంతం చేయలేదు.

తరువాత మళ్లీ పరీక్షించాను. గొట్టాల నిండా బుడగలు. అప్పుడైనా కుళాయిలు ఆపించి ఉండవచ్చు కదా? బ్లీచింగ్ పెంచి ఊరుకున్నాను. భయమా, పేరు పోతుందనా? ఎన్నిసార్లు తవ్వుకున్నా ఆ రెండింటినీ విడదీయలేకపోయాను.

కాలనీలో కామెర్లు, అక్కడివాళ్ల మాటలో పసిరికలు, మొదలయ్యాయి. కూలిపని చేసుకునే ఎల్లమ్మ కోడలు, నిండు గర్భిణి, దవాఖానలో చనిపోయింది. కడుపులో బిడ్డ కూడా దక్కలేదు. ఆ కోడలి చిన్న కొడుకు ఒక్కడు మిగిలాడు. కొన్నాళ్లకు ఎల్లమ్మ నా దగ్గరికి వచ్చింది.

"బిడ్డా, నీళ్లు మంచియే అన్నవ్ గదా. మరి మా పిల్లకు పసిరికలు ఎట్లయినయి?"

"ఈ నడుమ ఎక్కడికన్న పోయిందా, పెద్దమ్మా?"

"పరకాల పోయింది. తల్లిగారింటికి."

"అయితే అక్కడి నీళ్లే అయ్యుంటయి."

ఆమె నమ్మింది. చదువుకున్నదాన్ని కదా. మనవణ్ణి చూద్దామని కోడలి తల్లి పరకాల నుంచి బస్సెక్కి వస్తే, ఎల్లమ్మ తలుపు తీయలేదట. కూతురిని చంపుకున్నది చాలదా అన్నదట. అది విని కూడా నేను నోరు విప్పలేదు.

ఎల్లమ్మా, ఆ తల్లీ ఇద్దరూ చనిపోయారు. ఆ పిల్లవాడు ఇప్పుడు ఆటో నడుపుతాడు. ఒకసారి ఎక్కి, దారంతా అతని వీపు చూస్తూ కూర్చుని, ఏమీ చెప్పకుండా దిగిపోయాను.

పరకాల నీళ్లను నేను ఏనాడూ పరీక్షించలేదు. మా నీళ్లను పరీక్షించాను. మురుగు మా నీళ్లలోనే ఉంది. ఈ మాట రాయడం ఇదే మొదటిసారి. కొంచెం ఊపిరి ఆడుతోంది.