ఎడమవైపు బ్రేకు

లోకంలో ప్రతి మనిషికీ తనదనే చోటు ఒకటి ఉంటుంది. కొందరికి అది పదవి, కొందరికి కిటికీ పక్క కుర్చీ. బ్రేకు మాస్టారికి మాత్రం అది కారులో ముందువరుసలోని ఎడమ సీటు. డ్రైవింగు స్కూలులో కొలువు చేసినంతకాలం ఆయన అక్కడే కూర్చున్నారు. ఆ సీటు ముందు, ఆయన పాదం అందేచోట, బ్రేకు పెడలు ఇంకొకటి ఉండేది. చక్రం పట్టుకున్న శిష్యుడు బండిని తానే నడుపుతున్నానని మురిసిపోయేవాడు. ఆ మురిపెం ఎంతవరకు సాగాలో నిర్ణయించేది మాస్టారి పాదం.

ఆయన ఎవరినీ కసరినవారు కారు. చెప్పవలసినదంతా ఆయన కాలి చెప్పే చెప్పేది. అందువల్ల ఆయన శిష్యులందరికీ ఒక లక్షణం ఉమ్మడిగా అబ్బింది: ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను మాస్టారి పాదం మీద.

ఉద్యోగ విరమణ మనిషికి ఇస్తారు గాని పాదానికి ఇవ్వరు. ఇంట్లో సోఫాలో కూర్చున్నా సరే, భార్య పాలగిన్నె పట్టుకొని కాస్త వడిగా నడిస్తే ఆయన కుడికాలు నేలను గట్టిగా తొక్కేది. టీవీలో కార్లు తరుముకుంటుంటే పాపం ఆయనకు పిక్కలు పట్టేసేవి. ఇంకా విచిత్రమేమిటంటే, కారు నడపడమంటే ఆయనకు సొంతంగా ఏనాడూ సరదా లేదు. వంటవాడికి ఆకలి లేనట్టే అనుకోవాలి. ఆపడమే ఆయన విద్య.

ఇంట్లో ఉన్నది డీజిలు కారు. అల్లుడిది. నడిపేది కూతురు. ప్రతి ఆదివారం ఉదయం నలుగురూ సంతకు బయలుదేరేవారు. మాస్టారు ఎడమ సీటులో, అల్లుడూ అత్తగారూ వెనక. వారమంతా ఎదురుచూసి ఆయన అందుకొనే సింహాసనం అది.

ఆ కారుకు ఏదో రోగం పట్టుకుంది. ఎర్రదీపం దగ్గర ఆగితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు గజగజ వణికేది. పచ్చదీపం పడి యాక్సిలరేటరు తొక్కితే, పదానికొక పూర్ణవిరామం పెట్టిన వాక్యంలా కుదుపుకొక అడుగు వేసేది. అత్తగారి చేతిసంచిలోని టమాటాలు ఇంటికి చేరేసరికి రసమయ్యేవి.

అల్లుడు బండిని షెడ్డుకు తీసుకువెళ్ళాడు. మెకానిక్కు డీజిలు ఫిల్టరు మార్చాడు, పైపులో చేరిన గాలి తీశాడు, ఇంజెక్టర్లు విప్పి పరీక్షించి బిగించాడు, మసి పట్టిన గొట్టాలన్నీ కడిగాడు. నడిపి చూస్తే వెన్నమీద గీత గీసినట్టు సాగింది. ఆదివారం మళ్ళీ వణికింది.

"సోమవారం వస్తే కడుపునొప్పి వచ్చే బడిపిల్లల్ని చూశాను గాని, ఆదివారం వస్తే జబ్బుపడే బండిని ఇదే చూడటం సార్" అన్నాడు మెకానిక్కు.

అల్లుడు పద్ధతైన మనిషి. ఇంట్లో బల్బు వెలగకపోయినా మొదట అనుమానితులను వేరుచేసేవాడు. ఒక ఆదివారం అత్తగారిని ఇంటిదగ్గరే ఉంచాడు. కుదుపు పోలేదు. తర్వాత తాను మానుకున్నాడు. పోలేదు. చివరకు మామగారిని ఆపాడు. కారు నేతిలో దిగిన కత్తిలా సాగింది! బరువు వల్ల కావచ్చునన్న శంక తీరడానికి, మామగారి తూకానికి సరిపడా సిమెంటు బస్తా తెచ్చి ఎడమ సీటులో కూర్చోబెట్టి బెల్టు కట్టాడు. బస్తా బుద్ధిగా కూర్చుంది. బండి బుద్ధిగా నడిచింది.

"మావయ్య గారూ, ఏమీ అనుకోకండి. లోపం ఇంజనులో లేదు. మీలో ఉంది."

"నాలో ఎక్కడుంది బాబూ?"

"అదింకా తేలాలి."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నేనూ వెతుకుతున్నాను, నాకే తేలలేదు. మీకేం తేలుతుంది అల్లుడు గారూ!" అంది అత్తగారు, టమాటాలు ఏరుకుంటూ.

అలా మాస్టారిని వెనక సీటుకు మార్చారు. బండి బాగుపడింది. అచ్చొచ్చిన బస్తాను దింపడానికి అల్లుడికి మనసొప్పలేదు. అది ముందు సీటులో బెల్టు కట్టుకొని దర్జాగా ఊరేగుతుండగా, వెనక మాస్టారు మోకాళ్ళు ముడుచుకొని కూర్చున్నారు. కాలు చాచే చోటు లేదు. తొక్కడానికి నేల లేదు. కూతురు మలుపు తిప్పిన ప్రతిసారీ ఆయన ముందు సీటును రెండు చేతులా పట్టుకొనేవారు. దానికి తోడు, కూడలిలో ఒక పాత శిష్యుడు స్కూటరు మీద పక్కగా పోతూ, ఆ సీటు వైపు అలవాటుగా చెయ్యెత్తి, "నమస్కారం మాస్టారూ! బాగా ఒళ్ళు చేశారు!" అని బస్తాను పలకరించి వెళ్ళిపోయాడు.

మరుసటి ఆదివారం మాస్టారు చెప్పులు వేసుకోలేదు. "మీరు వెళ్ళిరండమ్మా. నాకు సంతలో పనేముంది?" అన్నారు.

ఆ మాట కూతురికి ముల్లులా గుచ్చుకుంది. తన తండ్రి ఆ ఎడమ సీటులో తప్ప మరెక్కడా ధైర్యంగా కూర్చోగా ఆమె చూడలేదు. భర్తకు చెప్పకుండా బస్తాను దింపి, తండ్రిని ఎక్కించి, వణుకుతున్న బండిని షెడ్డుకు తోలుకువెళ్ళింది.

"ఇదిగోనండీ రోగం. వెంటబెట్టుకొచ్చాను" అంది.

మెకానిక్కు తల ఎత్తాడు. చేతిలో పానా జారిపడింది. "మాస్టారూ! మీరా? మీ అల్లుడు గారి బండా ఇది!"

"నువ్వట్రా! క్లచ్చు వదలడం ఇప్పటికైనా వచ్చిందా?"

"మీరు పక్కనుంటే ఇప్పటికీ రాదండీ" అని మెకానిక్కు చక్రం ముందు కూర్చున్నాడు. కూతురు వెనక ఎక్కింది. గేటు దగ్గర లారీకి దారి ఇవ్వడానికి బండి ఆగింది. ఆగీ ఆగగానే వణికింది. ఇంజను వైపు చెవి పెట్టవలసిన మెకానిక్కు, పాత భయంతో, మాస్టారి పాదం వైపు చూశాడు. మడమ దిగబడి ఉంది.

"మాస్టారూ, ఒక్కసారి ఆ కాలు తియ్యండి."

"తీస్తే లారీ కింద పడతాంరా!"

"బండి ఆగే ఉందండీ."

మాస్టారు అనుమానంగానే కాలెత్తారు. వణుకు ఆగింది. పెట్టారు. వణికింది. మళ్ళీ ఎత్తారు. మెకానిక్కు కిందికి దిగి సీటు ముందున్న చాప లాగాడు. దాని కింద ఇంజనుకు ఆజ్ఞలు మోసే తీగల కట్ట, కొక్కెం విరిగి నోరు తెరిచిన కనెక్టరు ఒకటి బయటపడ్డాయి.

"మీరు ఇక్కడ తొక్కినప్పుడల్లా ఒక ఇంజెక్టరుకు కబురు తెగిపోతోంది. నాలుగు సిలిండర్లలో ఒకటి పని మానేస్తే మిగిలిన మూడూ కుంటవా?"

"మరి బస్తా ఉన్నప్పుడు బాగానే నడిచిందే?" అన్నారు మాస్టారు.

"బస్తాకు కాళ్ళేవి నాన్నా!" అని కూతురు పకపకా నవ్వింది.

మాస్టారు నవ్వలేదు. ఆయన వెన్ను నిటారుగా లేచింది. "అయితే ఇన్నాళ్ళూ నేను వేసిన బ్రేకు పడుతూనే ఉందన్నమాట."

"పడలేదండీ. బండికి ఇబ్బంది కలిగిందంతే."

"మొద్దూ, బ్రేకంటే ఏమిటనుకున్నావు?"

కనెక్టరు మార్చి, తీగలను కాలికందనంత ఎత్తున కట్టారు. అయినా సాయంత్రం అల్లుడు మెత్తబడలేదు. "తీగలు బాగుపడ్డాయి, బాగానే ఉంది. పాదం బాగుపడలేదుగా? రేపు ఇంకేదో తొక్కుతారు. వెనకే నయం."

ఆ సంగతి ఫోనులో విన్న మెకానిక్కు బండిని మళ్ళీ రప్పించాడు. పాత సామాను కుప్పలోంచి ఒక పెడలు తీసి, స్ప్రింగు బిగించి, ఎడమ సీటు ముందు నేలకు బోల్టులు వేశాడు. అది దేనికీ కలిపి లేదు. తొక్కితే కిర్రుమనేది, అంతే.

"దేనికీ తగలని బ్రేకా!" అని అల్లుడు కడుపుబ్బ నవ్వాడు. "ఈ ఆదివారం నేనే నడుపుతాను. మావయ్య గారు ఎంత తొక్కుతారో తొక్కమనండి."

బస్తా పెరటి గోడ మరమ్మతుకు వెళ్ళింది. మాస్టారు ఎడమ సీటులో బెల్టు కట్టుకొని, చెప్పు సరిచేసుకొని, పాదాన్ని పెడలు మీద ఆనించారు. ఇంజను గుక్కతిప్పుకోకుండా హాయిగా పాడింది. తల్లీ కూతుళ్ళు వెనక కూర్చున్నారు. తిరుగుదారిలో సంత మలుపు దగ్గర అల్లుడు వేగం తగ్గించలేదు.

కిర్రు.

కారు నెమ్మదించింది. మలుపు మెత్తగా తిరిగింది. సంచిలో ఒక్క టమాటా కదలలేదు.

"ఎందుకు తగ్గించారండీ?" అని వెనకనుంచి కూతురు భర్తను అడిగింది.

"నేనెక్కడ తగ్గించాను?" అన్నాడు అల్లుడు, కళ్ళు రోడ్డు మీదనుంచి తిప్పకుండా. "మావయ్య గారు బ్రేకు వేశారుగా!"