వదిలితే సంపేత్తాను

బడి తెరిచిన మొదటి రోజే మా పెద్దాడి ముందు పన్ను సగం విరిగిపోయింది. విరగ్గొట్టింది వాడి తమ్ముడు, స్టీలు క్యారేజీతో. గొడవంతా ఒక ప్యాంటు గురించి. వేసవి సెలవుల్లో పెద్దాడు ఎవరో పట్టుకుని లాగినట్టు ఎదిగిపోయాడు. నిరుటి ప్యాంటు చీలమండల పైకి వచ్చేసింది. తమ్ముడికి ఇచ్చేయమన్నాను. అన్న విడిచిన బట్ట నేను తొడుక్కోనని చిన్నాడు దాన్ని చెరకు కత్తితో మోకాళ్ల దగ్గరికి కోసేసి నిక్కరు చేశాడు. తనకి పట్టని ప్యాంటు కోసం పెద్దాడు తమ్ముణ్ణి జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. వాడు క్యారేజీ గిరగిరా తిప్పి అన్న మూతి మీద వేశాడు. పప్పు, నెత్తురు, పన్ను ముక్క మూడూ నేను అప్పుడే తుడిచిన గచ్చు మీద పడ్డాయి. ముందు నాకు కోపం వచ్చింది గచ్చు గురించే. దానికి సిగ్గుపడను. తుడిచింది నేను.

మాది కశింకోట దగ్గర ఊరు. రెండెకరాల చెరకు, ఒక గేదె, రెండు గదుల ఇల్లు. పెద్దాడు పదో తరగతి, చిన్నాడు ఎనిమిది. అంతకుముందు కూడా కొట్టుకునేవాళ్లు గానీ అది పిల్లల కొట్లాట. గిల్లుకోవడం, ఏడవడం, నా దగ్గరికి చాడీలు మోసుకురావడం. ఆ ఏడు మాత్రం ఇద్దరికీ గొంతులు మారాయి, చేతుల్లోకి బలం వచ్చింది, చాడీలు ఆగిపోయాయి. మాటకి ముందే చెయ్యి లేచేది. ఒక దిండు కోసం, ఒక ఫోను చార్జరు కోసం, కోడిగుడ్డు కూరలో మూడో గుడ్డు కోసం. మంచం కోడు విరిగింది. అద్దం పగిలింది. ఒకరోజు గేదెకి కూడా తగిలింది, పాపం అది ఏ పక్షమూ కాదు.

నేను చీపురు తిరగేసేదాన్ని. ఆపడానికి కాదు, నా వంతుకి.

మా ఆయన మాత్రం వాళ్ల మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. గొడవ మొదలైతే చాలు, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయేవాడు. అంతా చల్లారాక వచ్చేవాడు. అది చూస్తే నాకు పిల్లల మీదకంటే ఆయన మీద మండేది. ఒక సాయంత్రం అడిగేశాను.

“ఏటయ్యా, ఇల్లు కాలిపోతంటే ఊరు సూడ్డానికి ఎల్తావేటి? నువ్వు తండ్రివి కావా?”

ఆయన గుమ్మంలో ఆగాడు. “ఆళ్లని సూత్తంటే నానూ తమ్ముడూ అగుపిత్తన్నామే. రేపు ఈళ్లూ మాలాగే అయిపోతే?”

నా చూపు పక్కింటి గోడ మీదికి పోయింది.

మా మరిది ఇల్లు మా పక్కదే, ఆయన చేను మా గట్టు పక్కదే. పదేళ్లయింది అన్నదమ్ములకి మాటల్లేక. వాటాలన్నీ తెగాక ఇద్దరికీ ఉమ్మడిగా మిగిలింది ఒక్కటే, బెల్లం వండే పెనం. దాన్ని కోసి పంచుకోలేరు కదా. పొయ్యిలు మాత్రం ఎవరి చేలో వాళ్లకి ఉన్నాయి. ఒక ఏడు ముందు మేము వండితే మరో ఏడు ముందు వాళ్లు. “వదినా, పెనం కాళీయేనా?” అని మరిది నన్ను అడుగుతాడు, నేను మా ఆయన్ని చూస్తాను, ఆయన గేదెకి చెప్పినట్టు ఎటో చూస్తూ జవాబు చెబుతాడు.

ఆ మాటలు పోయింది కూడా ఆ పెనం దగ్గరే. చెరకు రసం మరిగి పాకం అయ్యాక ఒక్క క్షణం ఆలస్యమైనా మాడి నల్లబడిపోతుంది. పెనం కడియాల్లో ఆ పక్కొకటి ఈ పక్కొకటి రెండు వాసాలు దూర్చి, నలుగురు నాలుగు కొసలు పట్టి, పొయ్యి మీద నుంచి లేపి తొట్టిలోకి వంచాలి. ఆ రోజు ఒకే వాసానికి ముందు మా ఆయన, వెనక మరిది. పాకం వచ్చిందని అన్న, రాలేదని తమ్ముడు. పెనం గాలిలో ఉండగానే అమ్మ దాకా వెళ్లాయి తిట్లు. పెనం ఒరిగిపోయింది. వదిలినవాడు పక్కకి గెంతేస్తాడు, వదలనివాడి కాళ్ల మీద పడుతుంది. మరిది ఎడమ పాదం ఉడికిపోయింది. ఇప్పటికీ ఆ కాలికి చెప్పు పట్టదు. వాడే వంకరగా లాగాడని మా ఆయన ఊరంతా చెప్పాడు. మరిది ఏమీ చెప్పలేదు, మాట్లాడటం మానేశాడంతే. అప్పటినుంచి మా పొయ్యి దగ్గర ఒక కట్టడి. పెనం లేపేటప్పుడు ఎవరూ నోరు విప్పకూడదు.

అది గుర్తొచ్చాక నాకూ భయం పట్టుకుంది. పగిలిన అద్దాలు పోతే పోనీ. నా కొడుకులు ఒక గోడకి అటూ ఇటూ బతుకుతూ, ఒకడి కబురు ఇంకొకడికి కోడళ్ల నోట వినే రోజు వస్తే నేను తట్టుకోలేను.

వానల్లో ఇద్దర్నీ చెరకు జడ చుట్టడానికి పంపాం. గాలికి చెరకు పడిపోకుండా ఎదురెదురు సాళ్ల గడల్ని వాటి ఆకులతోనే మెలేసి కట్టాలి. పెద్దాడు గడలతో పాటు తమ్ముడి రెండు చేతులూ కలిపి కట్టేసి, ఇంటికొచ్చి, వాడి వాటా కోడికూర కూడా తినేశాడు. చీకటి పడే వేళకి నేను వెళ్లి విప్పాను. మొహమంతా చెరకాకు కోతలు, చీమలు కుట్టి ఒక కన్ను మూసుకుపోయింది. ఆ రోజు పెద్దాణ్ణి చీపురు విరిగేదాకా కొట్టాను. ఇంకో చీపురు తియ్యబోతుంటే చెయ్యి చురుక్కుమంది. చిన్నాడు నా మణికట్టు కొరికి పట్టుకున్నాడు.

“మా అన్నని నువ్వు కొట్టీకు. నాను కొడతాను!” అన్నాడు, నోట్లోంచి నా చెయ్యి వదిలి. అని, నిజంగానే వెళ్లి కొట్టాడు.

దీపావళి ముందు అనకాపల్లిలో బట్టలూ టపాసులూ కొని షేర్ ఆటోలో వస్తున్నాం. టపాసుల సంచి మీద పెద్దాడు కావాలనే కూర్చున్నాడు. చిన్నాడు మోచేత్తో డొక్కలో పొడిచాడు. పెద్దాడి తల వెళ్లి ముందున్న డ్రైవరు తలకి తగిలి ఆటో కాలవ దాకా వెళ్లింది. డ్రైవరు మమ్మల్ని నడిరోడ్డు మీద దింపేశాడు.

“పిల్లల్నెక్కించేవేటమ్మా? కోడిపుంజుల్నెక్కించేవు!”

ఇంటిదాకా నడిచాం. దారి పొడుగునా అన్నదమ్ములిద్దరూ కలిసికట్టుగా ఆ డ్రైవర్ని తిట్టారు. ఆ ఏడాదిలో నాకు దొరికిన ప్రశాంతత అదే.

సంక్రాంతి వెళ్లాక మా వంతు బెల్లం వండటానికి కూర్చున్నాం. పెనం దించే కూలీలు ఇద్దరూ ఆ ఏడు మందుల కంపెనీలో పనికి కుదిరిపోయారు. ఒక వాసం నేనూ ఆయనా పట్టుకుంటాం, రెండోది? మా ఆయన పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసి, “ఆళ్లే పట్టాల,” అన్నాడు.

సరిగ్గా పాకం ముదిరే వేళకి వాళ్లు మొదలెట్టారు. నీకు పట్టడం రాదని ఒకడు, నీకే రాదని ఒకడు. చిన్నాడు చెరకు గడ తీసి విసిరాడు. పెద్దాడి కనుబొమ చిట్లి నెత్తురు కంట్లోకి దిగింది. వాడు పిడికిలి బిగించి మీదికి వెళ్తున్నాడు.

“వచ్చేసింది! పట్టండి!” అని మా ఆయన అరిచాడు.

ఇద్దరూ పరుగెత్తుకొచ్చి వాసం పట్టారు. ముందు చిన్నాడు, వెనక పెద్దాడు. లేపాం. పెనంలో పాకం కుతకుతలాడుతోంది. రెండడుగులు వేశామో లేదో, చిన్నాడి కాలు తడి మట్టి మీద జారింది. వాడు మోకాళ్ల మీద పడ్డాడు. పెనం అటు ఒరిగి, ఆ కుదుపుకి పాకం వెనక్కి ఎగిరి పెద్దాడి ముంజేతి మీద పడింది.

వాడు వేసిన కేక ఇప్పటికీ వినిపిస్తుంది. కట్టడి మరిచిపోయి అరిచాడు.

“వదిలితే సంపేత్తానొరే!”

“నాను వదల్లేదు! నువ్వు వదలకు!”

ఒకడు ఒంటి కంటితో, ఇంకొకడు మోకాళ్ల మీద. వాసం మాత్రం రెండు కొసలా పైనే ఉంది. చిన్నాడు ఏడుస్తూ లేచాడు. తొట్టిలోకి వంచాం. పెనం కింద పెట్టాక గానీ పెద్దాడు చెయ్యి చూసుకోలేదు.

నేను నీళ్ల కోసం తిరిగేసరికి నీళ్లు అక్కడే ఉన్నాయి. కేక విని మరిది గట్టు దాటి బాల్చీతో వచ్చేశాడు, ఆ కాలు ఈడ్చుకుంటూనే. పదేళ్లలో మా పొయ్యి దగ్గరికి అదే రావడం. కింద కూర్చుని పెద్దాడి చేతి మీద నీళ్లు పోస్తూనే ఉన్నాడు. బాల్చీ అయిపోతే ఇంకోటి తెచ్చి పోశాడు. మా ఆయన భుజం మీది తువ్వాలు తీసి తడిపి కొడుకు చేతికి చుట్టాడు. చుడుతూ, తల ఎత్తకుండా అన్నాడు.

“ఆ రోజు నానే వదిలీసేన్రా.”

మరిది నీళ్లు పోయడం ఆపలేదు.

“నాకు తెల్దేటి? కాలు నాదే గదా.”

అంతే. కావలించుకోలేదు, కన్నీళ్లు పెట్టుకోలేదు. నేను పెట్టుకున్నాను, పొయ్యి పొగ అని చెప్పాను. మరిది వెళ్లిపోతాడనుకున్నాను. పిప్పి కుప్ప మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. మా ఆయన వెళ్లి పక్కన కూర్చున్నాడు.

చిన్నాడికి మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు.

“సూసేవా, నాను వదల్లేదు,” అన్నాడు అన్నతో.

“జారింది ఎవుడ్రా మరి?” అని పెద్దాడు బాగున్న చేత్తో వాడి వీపు మీద ఒక్కటి చరిచాడు. చిన్నాడు గుప్పెడు పిప్పి తీసి అన్న మొహం మీద కొట్టాడు. ఇద్దరూ ఆ కుప్పలో పడి దొర్లారు.

మరిది కాలు వెనక్కి తీసుకుని నా వైపు చూశాడు.

“రోజూ ఇంతేనా వదినా?”

“ఈయేల తక్కువే,” అన్నాను.

అలవాటు కొద్దీ మా ఆయన లేచి వెళ్లిపోతాడని చూశాను. ఆయన తువ్వాలు పెద్దాడి చేతికే ఉంది. తమ్ముడి పక్కనే కూర్చున్నాడు, ఎక్కడికీ వెళ్లలేదు.