ఐదో శుక్రవారం, ఊదా ముసుగు

ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలంలో ఐదో శుక్రవారం. మొయినాబాద్‌లో బస్సు కోసం నిలబడేసరికి ఉదయం తొమ్మిదిన్నర. నిజానికి వెళ్లాల్సింది నేను కాదు, మా అత్తగారు. చేవెళ్ల దాటాక ఒక చిన్న గుడిలో ఏడు శుక్రవారాలు సిలువ మార్గం, అంటే క్రీస్తు సిలువ యాత్రను తలుచుకుంటూ పద్నాలుగు స్థలాల దగ్గర ఆగి చేసే ప్రార్థన, చేస్తానని ఆవిడ మొక్కుకున్నారు. గుంటూరు నుంచి వచ్చిన కొత్తలో ఆవిడకు దొరికిన మొదటి గుడి అది. నాలుగు వారాలు అయ్యాక స్నానాల గదిలో జారి మోకాలు బెణికింది. ఎముక విరగలేదు, నడవమని డాక్టరు చెప్పినా, మొక్కు తప్పిందన్న దిగులుతో మంచం దిగడం లేదు. నవ్వడమూ మానేశారు. చూడలేక, "మీ బదులు నేను వెళ్తాను" అన్నాను.

"తల మీద ముసుగు లేకుండా గుళ్లో అడుగు పెట్టకు" అన్నారు. నా పెళ్లైన నాటి నుంచీ ముసుగు మీద మా ఇద్దరికీ పేచీయే. అయినా ఆవిడ తెల్ల లేసు ముసుగును నేనే ఇస్త్రీ చేశాను.

బస్సులో ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకున్నాను. పక్క సీట్లో ఆలూరు వెళ్లే అవ్వ, ఒళ్లో బంతిపూల మూట. సగం దారిలో సంచి తెరిస్తే జపమాల ఉంది, పాటల పుస్తకం ఉంది, ముసుగు లేదు. ఇస్త్రీ బల్ల మీదే వదిలేశాను! ఒంటి మీద జీన్సు, కుర్తీ. చున్నీ కూడా లేదు.

నా మొహం చూసి అవ్వ సంగతేమిటని అడిగింది. చెప్పాను.

"మా చర్చిల గూడ గంతే బిడ్డ, కొంగు కప్పుకోకుంటే పాస్టరమ్మ ఊకోదు. ఇగో, నా తువ్వాల తీస్కపో."

తువ్వాలు చెమట వాసన వేసింది. నామోషీ అనిపించి వద్దన్నాను. "నీ ఇష్టం, ఆడికి వొయినంక ఫికర్ జెయ్యకు మల్ల" అంది అవ్వ.

చేవెళ్లలో దిగేసరికి పదీ పది. బట్టల షాపులు ఇంకా షట్టర్లు ఎత్తలేదు. షేర్ ఆటోకి ఇరవై రూపాయలు. గుడి చేరేసరికి సిలువ మార్గం మొదలైపోయింది. లోపల ఆడవాళ్లందరి తలల మీదా కొంగులే. గుమ్మంలోనే నిలబడిపోయాను. అంతలో వెనక బెంచీ మీద మడతపెట్టిన ఊదా గుడ్డలు రెండు కనిపించాయి. తపస్సుకాలపు రంగే. ముసుగు మరిచిన వాళ్ల కోసం పెట్టారు కాబోలు, ఎంత ముందుచూపు అని మెచ్చుకుని, పైది తీసి కప్పుకున్నాను.

ముసుగు కాస్త పెద్దదే. మోకాళ్ల మీద కూర్చున్నప్పుడల్లా నేల ఊడ్చింది. చివర నాడాలు కూడా వేలాడుతున్నాయి. ఆరో స్థలం దగ్గర, గుడి పనులు చూసే ఉపదేశి జోజన్న బెంచీల కింద ఏదో వెతుకుతూ కనిపించాడు. నన్ను చూసి ఆగాడు, వెతకడం మానేసి వెళ్లిపోయాడు. నా వెనక ఇద్దరు అక్కలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిస్తున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. వాళ్ల భక్తికి నా కళ్లు కూడా చెమర్చాయి. పూజ అయ్యేదాకా అత్తగారి మోకాలి కోసమే ప్రార్థించాను.

పన్నెండుంబావుకి పూజ ముగిశాక జోజన్న వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, ఏమనుకోకు. ఆదివారం నుంచి ఈ గుడ్డలతోని విగ్రహాలు కప్పాలె. నీ తలమీదున్నది మరియమాతది, ఆ రెండోది జోజప్ప విగ్రహానిది."

భూమి చీలితే దూరిపోదును. "అప్పుడే చెప్పొచ్చు కదన్నా?"

"ప్రార్థనల ఉన్న ఆడమనిషి తలమీదికెల్లి గుడ్డెట్ల గుంజుత?"

వెనక అక్కలు ఇక ఆపుకోలేక పగలబడి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ గుడ్డను విగ్రహానికి నా చేతే కట్టించారు. తర్వాత పప్పు, చారుతో అన్నం పెట్టారు.

ఒకటిన్నర బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక భయం మొదలైంది. అత్తగారికి తెలిస్తే మొక్కు చెడిందంటారేమో, మరింత ముడుచుకుపోతారేమో! అబద్ధమాడదామంటే ముసుగు ఇస్త్రీ బల్ల మీదే సాక్ష్యంగా ఉంది. ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట: బస్సులో అవ్వ తువ్వాలిస్తే మారుమాట్లాడకుండా పుచ్చుకోండి. ఆ గుడిలో మాత్రం పరాయిదాన్నని ఒక్క క్షణం కూడా అనిపించలేదు.

రెండింటికి ఇల్లు చేరాను. అత్తగారు మంచం మీదే ఉన్నారు, లేసు ముసుగు ఒళ్లో పెట్టుకుని.

"ఇది ఇక్కడుంటే, తల మీద ఏం కప్పుకున్నావ్?"

"మరియమాత ముసుగు" అని మొత్తం చెప్పేశాను.

ఆవిడ లేసు ముసుగు పక్కన పెట్టారు. తర్వాత నవ్వారు. దగ్గొచ్చేదాకా, కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. నవ్వుతూనే మంచం పట్టె పట్టుకుని, కాళ్లు కింద పెట్టి, లేచి నిలబడ్డారు.

"వచ్చే శుక్రవారం నేనూ వస్తున్నా. జోజప్ప గుడ్డ కూడా లాక్కునేట్టున్నావ్, నిన్ను ఒక్కదాన్నే పంపితే."