కలపని తీగ మీద వచ్చిన ఫోన్

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఈ సంగతి చెప్పగానే "నీ వైరింగ్‌లోనే ఏదో తేడా ఉండుంటుందిలే" అనేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. తెనాలిలో ఏళ్ళ తరబడి కంప్యూటర్ సెంటర్లకు కేబుల్ లాగినవాణ్ణి. ఏ తీగ కలిపానో, ఏది కలపలేదో నాకు తెలియదా?

ఇళ్ళకి బ్రాడ్‌బ్యాండ్ అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. మా ఫోన్ ముందు గదిలో ఉండేది. మా అమ్మీకి మోకాళ్ళ నొప్పులు. వెనక గదిలోంచి లేచి వచ్చేసరికి రింగు ఆగిపోయేది. అందుకని ఆమె మంచం పక్కన ఫోన్ తగిలించే జాక్ ఇంకోటి పెడదామనుకున్నాను. ఎక్కడో పనిలో మిగిలిన నెట్‌వర్క్ కేబుల్ ఇంట్లో ఉంది. అందులో ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున మెలేసి ఉంటాయి. ఫోన్‌కి ఒక్క జత చాలు.

నాకో పద్ధతి ఉంది. బయటి నుంచి వచ్చే లైన్ వైపు కొసని ఎప్పుడూ ఆఖరున కలుపుతాను. తీగ చేతిలో ఉండగా ఎవరైనా ఫోన్ చేస్తే ఆ రింగుకి చెయ్యి జివ్వుమంటుంది. ఒకసారి షాక్ తిన్నాను, చాలు. ఆ శుక్రవారం కూడా ముందు వెనక గదిలో జాక్ బిగించి, పాత ఫోన్ తగిలించాను. కేబుల్‌ని గోడ వెంబడి ముందు గదికి తెచ్చి, మిగిలింది చుట్ట చుట్టి బీరువా మీద పెట్టాను. ఆ కొసకి పై తొడుగు కూడా తీయలేదు. జుమ్మా నమాజుకి టైమైందని పని అక్కడితో ఆపి మసీదుకి వెళ్ళాను.

రెండు కావస్తుండగా నేను తిరిగి వచ్చేసరికి అమ్మీ బురఖా వేసుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"బషీర్ ఫోన్ చేశాడురా. ఆపా, ఒక్కసారి రా అన్నాడు. రేపల్లె పోదాం పద," అంది.

బషీర్ మామూ ఆమెకి ఒక్కగానొక్క తమ్ముడు. అక్కని ఆపా అనే పిలిచేవాడు. ఆయన కూతుర్ని కాదని నేను పేరాల ఊరి సంబంధం చేసుకున్నాను. అప్పటినుంచి ఆరేళ్ళుగా అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవు.

"ఏ ఫోన్‌కి చేశాడు?" అన్నాను.

"నా మంచం పక్కన పెట్టావుగా, దానికే."

ముందు నవ్వొచ్చింది. "వెనక గదిలోనే మోగిందండి, నేనూ విన్నాను," అని నా భార్య రజియా కూడా అనేసరికి కోపమొచ్చింది. బీరువా మీది కేబుల్ చుట్ట తెచ్చి అమ్మీ ముందు పడేశాను. "ఇది గాల్లో ఉంది. దీని మీద ఫోన్ ఎట్టా వస్తుంది? కునుకు పట్టి కల కనుంటావు."

"వాడి గొంతు నాకు తెలీదా?" అంది.

తేడా చూపిస్తానని, ఆమె కళ్ళ ముందే ఆ కొస తొడుగు తీసి రెండు తీగలూ లైన్‌కి కలిపాను. వెనక గదిలో రిసీవర్ ఎత్తితే టోన్ వచ్చింది. "ఇదిగో, ఇప్పుడొస్తుంది ఫోన్. అంత అవసరమైతే మళ్ళీ చేస్తాడు," అని రిసీవర్ విసురుగా పడేసి వచ్చాను. పోనీ మనమే చేద్దామని రజియా అంటే, ఆరేళ్ళు లేనిది మనమెందుకు ముందు చెయ్యాలని కసిరాను.

ఫోన్ రాలేదు. అమ్మీ అన్నం తినలేదు, బురఖా తీయలేదు. నాలుగింటికి ఆ మొండితనం భరించలేక రేపల్లె బస్సెక్కించాను. దారి పొడుగునా విసుక్కుంటూనే ఉన్నాను.

మామూ వాళ్ళ వీధి మొదట్లో, ఖబరస్తాన్ నుంచి తిరిగి వస్తున్న మగవాళ్ళు ఎదురయ్యారు. సాయంత్రం అసర్ నమాజు కాగానే మామూ జనాజా లేచిందట, ఖననం కూడా అయిపోయిందట. మా ఆడవాళ్ళు ఖబరస్తాన్‌కి వెళ్ళరు. ముఖం చూసుకోవాలంటే ఇంటి దగ్గరే చూసుకోవాలి. అమ్మీ ఖాళీ మంచం పట్టె పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

"ఒంటిగంటన్నరకి పోయారు నాయనా," అని మామూ భార్య ఏడ్చింది. "రెండింటి నుంచి మీకు చేస్తూనే ఉన్నాం. ఎప్పుడు చేసినా ఎంగేజే."

మామూకి తెల్లవారుజామున పక్షవాతం వచ్చి మాట పడిపోయిందట. ప్రాణం ఉన్నంతసేపు మా ఇంటికి ఎవరూ ఫోన్ చేయలేదు. పిలిచినా అమ్మీ రాదేమోనని ఊరుకున్నారట. ఆ ఇంట్లోవాళ్ళు ముగ్గుర్ని విడివిడిగా అడిగాను. ముగ్గురూ అదే చెప్పారు.

ఇంటికొచ్చి చూస్తే వెనక గదిలో రిసీవర్ ఫోన్ మీద సరిగ్గా కూర్చోక పక్కకి ఒరిగి ఉంది, నేను పడేసినట్టే.

పక్క లైన్ మాటలు వినపడుంటాయని తెలిసినవాళ్ళు నాకు పాఠం చెప్తారు. బీరువా మీద చుట్ట చుట్టి ఉన్న తీగకి పక్క లైన్ ఏంటి? రింగు మోగించే కరెంటు ఎక్కణ్ణుంచి వచ్చింది? సరే, నా వైరింగే తప్పనుకుందాం. మాట పడిపోయిన మనిషి ఎలా మాట్లాడాడు? ఇక చుట్టాలైతే ఆ గదిలో తాయెత్తు కట్టమన్నారు. చచ్చేముందు అక్కని పిలిచినవాడికి తాయెత్తేంటని వాళ్ళ మీదా అరిచాను. అందరి మీదా అరిచాను గానీ, అసలు కోపం నా మీదే. అది ఇప్పటికీ తగ్గలేదు. ఆ ఫోన్ ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

అమ్మీ నన్ను తిట్టలేదు. నలభయ్యో రోజు మామూ పేరున ఫాతిహా చదివించాక, జాక్ వైపు చూస్తూ ఒక్క మాట మాత్రం అంది.

"నువ్వు తీగ కలపకముందు వాడి ఫోన్ వచ్చింది. కలిపాక ఎవరి ఫోనూ రాలేదు."