నల్లగా కనబడిన చిల్లు

షూటింగ్ రేంజిలో అందరూ ఆమెను చాటున చిల్లులక్క అనేవారు. మొహం మీదే అనే చనువు కోచ్‌కి ఒక్కడికే ఉండేది. గాలితుపాకుల్లో గాలి నింపి ఉంచే గొట్టాలకు చిల్లు పెట్టే పని ఆమె మామగారి దగ్గర నేర్చుకుంది. ఆయన పోయాక ఆ షెడ్డు, డ్రిల్లు మిషను, మంచాన పడ్డ అత్తగారు, చెప్పిన మాట వినని మొగుడు, అన్నీ ఆమె నెత్తినే పడ్డాయి. భుజం పీకుతున్నా, మోకాళ్ళు మొరాయిస్తున్నా పొద్దున్నే షట్టరు ఎత్తేది ఆమే.

ఆ చిల్లు గుండుసూది తలకాయంత. గొట్టం లోపల గాలిని అదుపులో పెట్టే ఇత్తడి రెగ్యులేటరు ఉంటుంది. దానికి అటొకటి ఇటొకటి రబ్బరు రింగులు. చిల్లు సరిగ్గా ఆ రెండింటి నడుమ పడాలి. రింగు దాటి జారిన కాస్త గాలి అందులోంచి బయటికి పోతుంది. పోయే దారి లేకపోతే రెగ్యులేటరు లెక్క తప్పుతుంది. చిల్లు నేలవైపు ఉండాలి గాని గురిపెట్టే మనిషి చెంపవైపు ఉండకూడదు. పొరపాటున రింగు మీదే పడిందా, బిగబట్టిన గాలి ఆ రబ్బరును చిల్లులోకి నెట్టి చీల్చేస్తుంది.

ఆ మధ్యాహ్నం కోచ్ బల్ల మీద కూర్చుని ఉన్నాడు. మర్నాడే అతని మేనకోడలికి పోటీ. ఆమె తుపాకీకి కొత్త గొట్టం కావాలి. చిల్లులక్క గొట్టం చివరి నుంచి కొలిచి గుర్తు పెట్టి, అత్తగారిని పక్కకు తిప్పి పడుకోబెట్టడానికి లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చి గుర్తు మీదే చిల్లు వేసింది. లోపలి అంచు నున్నగా చేసి, గాలి ఎక్కించకముందే రెగ్యులేటరు దూర్చి, చిల్లులోకి లైటు వేసి చూసింది. ఇత్తడి మెరవాలి. నల్లగా రబ్బరు కనబడింది. తీసి మళ్ళీ దూర్చింది. మళ్ళీ నలుపే.

“ఏమండీ, ఈ గొట్టాన్ని ముట్టుకున్నారా?” అని లేతు దగ్గరున్న మొగుణ్ణి అడిగింది.

“చివర గరుగ్గా ఉంటే లేతు మీద పెట్టి కాస్త చెక్కా. నీకు సాయంగా ఉంటుందని.”

“మీ సాయం చల్లగుండ. నేను కొలిచింది ఆ చివరి నుంచే.”

“గోరంత తీశానే.”

“రింగుల మధ్య జాగా కూడా గోరంతే.”

మొగుడు గొంతు తగ్గించాడు. “చిన్న మరమేకు బిగించి దీన్ని మూసేద్దాం. పక్కన ఇంకోటి వెయ్యి.”

“మూసిన చిల్లొకటి, పక్కన కొత్త చిల్లొకటి. అది గొట్టమా, జల్లెడా?”

కోచ్ లేచి వచ్చాడు. “అక్కా, మూసింది రేపొక్క పూట ఆగితే చాలు. తర్వాత తీరిగ్గా మార్చు.”

“ఆగుతుందేమో తమ్ముడూ. ఎంతసేపు ఆగుతుందో నాకూ తెలీదు, నీకూ తెలీదు. దాని పక్కన చెంప ఆనించేది నీ మేనకోడలు.”

“ఇంకోటి చేస్తే?”

“రేపు సాయంత్రం అవుతుంది.”

“అప్పటికి పోటీ అయిపోతుంది.”

“అయిపోతుంది.”

“రేంజి తుపాకులన్నీ నీ దగ్గరికే తెస్తున్నాను. ఇక వేరే చోటు చూసుకోమంటావా?”

సరే అంటే ఇద్దరి నోళ్ళూ మూతపడేవి, తనూ కాసేపు నడుం వాల్చేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ తను అలా కునుకు తీస్తే మొగుడు ఇలా మరమేకు బిగించేస్తాడని ఆమెకు తెలుసు. గొట్టాన్ని వైసు దవడల మధ్య బిగించి, చిల్లు ఉన్నచోటే రంపం పెట్టింది.

“ఇలా తే, నేను కోస్తా,” అన్నాడు మొగుడు, ఆమె భుజం పట్టుకోవడం చూసి.

“మీరు ఇందాక చేసిన సాయమే అరగలేదు.”

గొట్టం రెండు ముక్కలై ఒకటి కింద పడింది. కోచ్ గొట్టం లేని తుపాకీని సంచిలో పెట్టుకుని, వస్తానక్కా అనకుండానే వెళ్ళిపోయాడు.

“ఇక రాడేమోనే,” అన్నాడు మొగుడు.

“రాకపోతే మానె. చేస్తామన్నాం కాబట్టి చెయ్యాలి. కొత్త గొట్టం తియ్యండి. ముందు చివర చెక్కేసి నా చేతికివ్వండి. నేను కొలిచాక మాత్రం దానివైపు కన్నెత్తి చూడొద్దు.”

ఆయన లేతు వెయ్యగానే ఆమె కోచ్ ఖాళీ చేసిన బల్ల మీద కూలబడి కాళ్ళు చాపుకుంది.