వెంకటనర్సు ఇథియోపియాలో నేత నేర్పిన సంగతి

వెంకటనర్సు చౌటుప్పల్ పక్కన ఒక మందుల కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్. అంతకుముందు నేతపని. తెలంగాణ వచ్చిన రెండో ఏడు మగ్గాన్ని హైదరాబాద్ హోటలువాళ్లు కొనుక్కుపోయి, అద్దాల వెనక అలంకారానికి నిలబెట్టారు. అలాంటి మనిషిని ఒక స్వచ్ఛంద సంస్థ వెతుక్కుంటూ వచ్చి, ఇథియోపియాలో ఒక కొండపల్లెకు మూడు నెలలు పోయి నేత నేర్పమంది. మగ్గం నడిపేవాళ్లకు అంత తీరిక లేదు. తీరిక ఉన్నవాడికి మగ్గం లేదు. సంస్థవాళ్లు తీరికనే ఎంచుకున్నారు. ఇప్పటికీ నేస్తున్నారా అని అడిగితే వెంకటనర్సు "రోజూ" అన్నాడు.

చచ్చేలోపు ఒక్కసారైనా మళ్లీ మగ్గంలో కూచోవాలని ఆ అబద్ధం. చేతులకు పని గుర్తుందో లేదోనని భయం కూడా ఉంది.

అక్కడ బెకెలే అనే ముసలాయన ఇంట్లో దింపారు. ఆయన భార్య అల్మాజ్. మాట అటూ ఇటూ చెప్పడానికి నకిరేకల్ పిల్ల హరిత ఉంది. సంస్థ తరఫున రెండేళ్లుగా ఆ దేశంలో ఉండి వాళ్ల భాష పట్టేసింది. వెంకటనర్సు రెండు వారాలు ఊరివాళ్లతో పొలానికి పోయి మట్టి తవ్వాడు, కట్టెలు మోశాడు, పుల్లటి రొట్టె తిన్నాడు. మగ్గం గుంట ఎప్పుడు తవ్వుదామంటే "జర నేల చూడాలె" అనేవాడు. నేలను చాలా శ్రద్ధగా చూశాడు. వాళ్లూ తొందరపెట్టలేదు. సంస్థ పంపిన నూలుకట్టను బెకెలే ఎన్నడూ ఎరగనట్టు తిప్పి తిప్పి చూసేవాడు.

ఇక తప్పక ఒకనాడు పడుగు, అంటే నిలువు పోగులు చాపి, గట్టిపడేందుకు గంజి పెట్టబోయాడు. మనకు గంజి అంటే బియ్యమే. వంటింటి డబ్బాలో ఉన్న బియ్యమంతా ఉడికించి, పిసికి, పోగులకు రాస్తుంటే అల్మాజ్ సంత నుంచి వచ్చింది. ఆ ఊళ్లో బియ్యం ఎవరూ తినరు. ఇండియా మనిషి కదా అని కొండ దిగి కొనుక్కొచ్చి, అతను వెళ్లేనాటి విందుకు దాచింది. ఆమె అరుపులకు వాడ వాడంతా చేరింది.

"ఏమంటాంది?" అన్నాడు వెంకటనర్సు.

హరిత చెప్పింది. "విందుకు దాచిన బియ్యమట కాకా. పైంగ బియ్యం గంజి పెడితే గీ చలికి పోగులు అంటుకపోతయట. మక్కపిండి పెట్టాలె, గా మాత్రం తెల్వదా అంటాంది."

"గంజి సంగతి ఆమెకెట్ల ఎరుక?"

హరిత ఆ మాట అటు చెప్పగానే అల్మాజ్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. బెకెలే లేచి వెంకటనర్సును ఇంటి వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ ఎండుగడ్డి కింద గుంట మగ్గం ఉంది. ఆయన చెప్పేది వెంట వచ్చిన హరిత తెలుగులో చెప్పింది. ఊళ్లో అలాంటివి పదిహేడట, తాతల నాటి నుంచి నేసేవాళ్లేనట. నేత వచ్చు అంటే ఎవరూ నూలు పంపరు. రాదంటే నూలునూ పంపుతారు, మనిషినీ పంపుతారు. అందుకని ఊరంతా రాదన్నారు. సంస్థవాళ్లు రెండుచోట్లా ఒకే తీరుగా విచారించారన్నమాట.

వెంకటనర్సుకు ఇక దాచబుద్ధి కాలేదు. "నేను గూడ నేస్తలేను బిడ్డా. గేటు కాడ కూసుంట. మగ్గం అమ్ముకున్న. చేతులు పని మరిచినయేమోనని భయమైతాంది. గిదే చెప్పు."

హరిత చెప్పింది. బెకెలే గడ్డి లాగేసి, దిగమని చెయ్యి చూపాడు. కాళ్లు వాటంతటవే కుదురుకున్నాయి. చేతులు కుదరలేదు. పోగుల మధ్య అటూ ఇటూ విసిరే నాడె చేతిలోంచి జారి రెండుసార్లు కింద పడింది. పోగు తెగినప్పుడల్లా బెకెలే వంగి అతికాడు. పొద్దువాలేసరికి జానెడు గుడ్డ తేలింది. వెంకటనర్సు దాన్ని తడిమి చూసుకుని, అందరి ముందూ ఏడ్చాడు. ఆ తర్వాత రోజూ నేశాడు.

బయల్దేరేనాడు హరిత రిపోర్టు కాగితం తీసి, ఎంతమంది నేర్చుకున్నారని రాయాలో రెండు భాషల్లోనూ అడిగింది. బెకెలే వెంకటనర్సును చూస్తూ ఒక వేలు ఎత్తాడు.

"ఒక్కడే, గట్లనే రాయి" అన్నాడు వెంకటనర్సు. "మంచిగ నేర్చుకున్నడని గూడ రాయి బిడ్డా."