చెవిలోని అత్తరు దూది

మహబూబ్‌నగర్ బయట, రైలుపట్టాలకు దగ్గర్లో మా ఫ్యాక్టరీ ఉండేది. జుట్టుకు కొట్టుకునే స్ప్రే డబ్బాలు తయారుచేసేవాళ్లం. తొంభైలలో నాకు అదే మొదటి ఉద్యోగం. ల్యాబ్‌లో కెమిస్టుని, ఇంకా పర్మినెంటు కాలేదు. స్ప్రేలో ఏ ద్రావకం ఎంత ఉందో గ్యాస్ క్రొమటోగ్రాఫ్ మీద తేల్చడం నా పని. పేరు నోరు తిరగదు గానీ పని అర్థంకానిదేం కాదు. డబ్బాను ఐసులో పెట్టి చల్లబరచాలి, చిన్న బెజ్జం పెట్టి గ్యాసును మెల్లగా పోనివ్వాలి, మిగిలిన ద్రవాన్ని సన్న సిరంజితో మిషన్‌లోకి ఎక్కించాలి. లోపల ద్రావకాలు విడిపోయి ఒకదాని తర్వాత ఒకటి బయటికొస్తాయి. వచ్చిన ప్రతిసారీ పెన్ను లేచి కాగితం మీద ఒక గుట్ట గీస్తుంది.

సీసాలు కడగడానికి, ఐసు తేవడానికి ఒక పెద్దాయన ఉండేవాడు. అందరికీ చాచా. నాకంటే ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఆ ల్యాబ్‌లో ఉన్నాడు. శుక్రవారం నమాజు నుంచి వచ్చేటప్పుడు చెవి మడతలో అత్తరు అద్దిన దూది ఉండేది. నాకా వాసన ఇష్టం. కోస్తా నుంచి వచ్చిన మా మేనేజరుకు గిట్టేది కాదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం సరుకు లారీకెక్కింది. నా రిపోర్టు వస్తే బయల్దేరడమే. మేనేజరు నా వెనకే నిలబడ్డాడు. మా స్ప్రేలో ఉండాల్సిన ద్రావకం ఇథనాల్, అంటే మద్యసారం. కాగితం మీద దాని గుట్ట ఒక్కటే రావాలి. దానికంటే ముందు చిన్న గుట్ట ఇంకొకటి లేచింది. అది మిథనాల్ వచ్చే చోటు. కల్తీసారాలో పడి జనం కళ్లు పోగొట్టేది అదే.

"ఇదేంటమ్మా? సరుకంతా పాడైనట్టేనా?" అన్నాడు మేనేజరు. అంతలోనే ఆయనకు చాచా కనిపించాడు. "నీ అత్తరే అయ్యుంటుంది, అందులోనూ స్పిరిటే కదా. ల్యాబ్‌లోకి వాసనలు తేవద్దని ఎన్నిసార్లు చెప్పాను? రేపట్నుంచి నువ్వు పనిలోకి రావద్దు."

నా కళ్లు సిరంజి పక్కనున్న మిథనాల్ సీసా మీద పడ్డాయి. ఎప్పుడూ వాడే అసిటోన్ అయిపోతే, సిరంజిని మిథనాల్‌తో కడిగింది నేనే. ఆ తర్వాత శాంపిల్‌తోనే నాలుగైదుసార్లు కడగాలి. లారీ తొందరలో ఒక్కసారి కూడా కడగలేదు. చెప్పేస్తే నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడ్డాను. ఛీ, ఇప్పుడు తలచుకున్నా నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చాచా మాత్రం నిమ్మళంగానే ఉన్నాడు. "గీ అత్తర్ల మద్యం చుక్క గూడ ఉండదు సార్. మద్యం కలిసింది మేం పెట్టుకోం. గిది గంధం నూనెల తీసింది."

"నీ మాటలు నాకెందుకు? మిషన్ చెప్తోందిగా."

"అయితే మిషన్‌నే అడుగుండ్రి."

చాచా నా దిక్కు ఒకసారి చూశాడు. కొంచెంసేపు ఆగాడు. నేను తల దించుకున్నాను. అప్పుడు చెవిలోంచి దూది తీసి బల్ల మీద పెట్టాడు.

దాన్ని చిన్న సీసాలో వేసి, రబ్బరు మూత బిగించి, వేడినీళ్లలో ఉంచాను. వేరే సిరంజితో ఆ సీసాలోని గాలిని తీసి మిషన్‌లోకి ఎక్కించాను. పెన్ను కదిలితే చాచాకు పీడ, కదలకపోతే నాకు పీడ. మిథనాల్ రావలసిన నిమిషం వచ్చింది, పోయింది. పెన్ను ఎక్కడా లేవకుండా తిన్నగా గీత గీసుకుంటూ పోయింది.

మేనేజరు నా వైపు తిరిగాడు. "మరి ఇందాకటిది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఇక దాచడానికి ఏం మిగిలింది? చెప్పాను. సిరంజిని సరిగ్గా కడిగి స్ప్రేను మళ్లీ ఎక్కిస్తే ఇథనాల్ గుట్ట ఒక్కటే వచ్చింది. లారీ కదిలింది. నా పర్మినెంటు సంగతి తర్వాత చూద్దామని మేనేజరు వెళ్లిపోయాడు. చాచాతో ఒక్క మాట కూడా అనలేదు.

"మాఫ్ చెయ్యి చాచా," అన్నాను.

ఆయన బల్ల తుడుస్తున్నాడు. "నువ్వు మిథనాల్ సీసల సిరంజి ముంచంగ నేను చూసిన బిడ్డా."

"మరి సార్‌కు ఎందుకు చెప్పలే?"

"నువ్వే చెప్తవనుకున్న. దూది తీసేముందు గూడ జరసేపు ఆగిన."

సీసాలోని దూదిని ఆయన మళ్లీ చెవిలో పెట్టుకోలేదు.